స్కౌటు శిబిరాల్లో వేసవి కొలువు: ఒక తల్లి వేసిన లెక్క

మా అమ్మాయి పదహారో ఏట తన మొదటి జీతపు చెక్కు తెచ్చి నా చేతిలో పెట్టినప్పుడు, పద్దులు రాసే వృత్తిలో ఉన్నదాన్ని కనుక, సంతోషించడానికి ముందే భాగహారం చేశాను. ఉదయం ఆరున్నరకు మొదలై, రాత్రి పదింటికి పిల్లల గుడారాలు సద్దుమణిగేదాకా సాగే పనిని వారానికి ఆరు రోజుల చొప్పున లెక్కగట్టి, వారపు జీతాన్ని ఆ గంటలతో భాగిస్తే గంటకు నాలుగు డాలర్ల చిల్లర తేలింది. అమెరికాలో సమాఖ్య కనీస వేతనం 2009 జూలై నుంచి గంటకు 7.25 డాలర్లు. ఇంత బాహాటంగా కనీస వేతనానికి తక్కువ ఇచ్చే సంస్థ ఎలా నడుస్తోందో తెలుసుకోవాలనే పట్టుదలతో నేను చదవడం మొదలుపెట్టాను. ఆ తరువాత నాలుగేళ్ళలో మా అమ్మాయి రెండు చోట్ల పని చేసింది: మొదటి రెండు వేసవులు మా రాష్ట్రంలోని ఒక స్థానిక స్కౌటు మండలి శిబిరంలో, ఆ తరువాత న్యూ మెక్సికోలోని ఫిల్మాంట్ స్కౌట్ రాంచ్‌లో. తమ పిల్లలను ఇలాంటి పనికి పంపాలా వద్దా అని తర్జనభర్జన పడుతున్న తెలుగు తల్లిదండ్రుల కోసం, ఈ కొలువులను ఒక సేవను తూచినట్టుగానే తూచి చూస్తున్నాను.

ముందు ఆ జీతం సంగతి. 1938 నాటి సమాఖ్య కార్మిక ప్రమాణాల చట్టంలో, ఏడాదికి ఏడు నెలలకు మించి నడవని వినోద స్థలాలకు, పిల్లల శిబిరాలకు కనీస వేతనం నుంచీ అదనపు గంటల వేతనం నుంచీ మినహాయింపు ఉంది. కొన్ని రాష్ట్రాల చట్టాలు ఇంతకన్నా కఠినంగా ఉంటాయి కానీ టెక్సాస్ వంటి చోట్ల సమాఖ్య నియమమే నియమం. కాబట్టి ఆ చెక్కు చట్టవిరుద్ధం కాదు. అయితే ఒక మాట జీతం తీసుకునేవారి తరఫున కూడా చెప్పాలి: యజమాని అవసరం కోసం పని స్థలంలోనే ఉండి తీరాలన్న షరతుతో ఇచ్చే వసతికీ భోజనానికీ ఆదాయపు పన్ను ఉండదు, శిబిరంలో డబ్బు ఖర్చు పెట్టే అవకాశమూ తక్కువే. మా అమ్మాయి పది వారాల తరువాత ఇంటికి వచ్చినప్పుడు, ఊళ్ళోని కాఫీ దుకాణంలో ఎక్కువ జీతానికి పని చేసిన ఆమె స్నేహితురాలి కన్నా ఆమె బ్యాంకు ఖాతాలోనే కాస్త ఎక్కువ నిలువ ఉంది. ఇది జీతం మంచిదని చెప్పడానికి కాదు, లెక్క రెండు వైపులా వేయాలని చెప్పడానికి.

మొదటి శిబిరం పేరు నేను రాయడం లేదు. అక్కడ పని ఒక వారపు చక్రంలో తిరుగుతుంది: ఆదివారం మధ్యాహ్నం స్కౌటు దళాలు దిగుతాయి, శనివారం ఉదయం వెళ్ళిపోతాయి, ఆ మధ్యాహ్నం నుంచి మరునాటి మధ్యాహ్నం దాకా సిబ్బందికి సెలవు. ఆ ఇరవై నాలుగు గంటల్లోనే బట్టలు ఉతుక్కోవాలి, నిద్ర తీర్చుకోవాలి, అమ్మకు ఫోను చేయాలి. మిగతా రోజుల్లో, ఒక్కొక్క విద్యలో నైపుణ్యం చూపిన స్కౌటుకు ఇచ్చే మెరిట్ బ్యాడ్జి కోసం తరగతులు చెప్పాలి. మా అమ్మాయికి మొదటి ఏడాది బుట్టలల్లిక, తోలుపని అప్పగించారు. బుట్టలల్లిక అనగానే మా అత్తగారు తెనాలి నుంచి ఫోనులో, "మన ఊళ్ళో మేదరవాళ్ళు ఊరికే నేర్పుతారు కదమ్మా, దానికి అమెరికా ఎందుకు?" అని అడిగారు, ఆ ప్రశ్నకు ఈనాటికీ నా దగ్గర గట్టి జవాబు లేదు. రెండో ఏడాది ఆమె ప్రథమచికిత్స తరగతికి మారింది.

ఆ శిబిరంలో నాకు నచ్చనివి మూడు. నియామక పత్రంలో పని గంటల ఊసే లేదు. పక్క విభాగంలో ఒకరు మధ్యలో మానేస్తే ఆ పని రెండు వారాల పాటు మా అమ్మాయి మీద పడింది, జీతం మాత్రం కదలలేదు. రెండోది, శాకాహారికి భోజనశాల చూపిన దారి వేరుశనగ వెన్న రాసిన రొట్టె, జున్ను ముక్క, మళ్ళీ వేరుశనగ వెన్న రాసిన రొట్టె. మూడో వారానికి నేను పెరుగు మిరపకాయలు, కందిపొడి పార్సిలు పంపాను. మూడోది, సిబ్బందిలో సగం మంది పదహారు, పదిహేడేళ్ళ పిల్లలే కావడం వల్ల, వాళ్ళను చూసుకోవలసిన పెద్దలే వాళ్ళ పై అధికారులూ అయ్యారు; అలసిపోయిన పిల్ల ఎవరితో మొర పెట్టుకోవాలో పత్రంలో ఎక్కడా లేదు. మీరు పంపే శిబిరం ఏదైనా సరే, సంతకానికి ముందు ఈ మూడూ అడిగి జవాబు రాతలో తీసుకోండి.

భద్రత విషయంలో మాత్రం అంత తేలికగా కొట్టివేయడానికి లేదు. ఈ సంస్థ గతం మనవాళ్ళలో చాలామందికి తెలియదు కనుక దాపరికం లేకుండా రాస్తాను. ఈ శిబిరాలు నడిపే బాయ్ స్కౌట్స్ ఆఫ్ అమెరికా 2020 ఫిబ్రవరిలో దివాలా రక్షణ కోరింది. దశాబ్దాల కాలంలో పిల్లలపై జరిగిన లైంగిక దురాగతాలకు సంబంధించి 82,000కు పైగా క్లెయిములు దాఖలయ్యాయి. 246 కోట్ల డాలర్ల పరిహార ప్రణాళిక 2023 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చింది. నేటి నియమాలు ఆ గతం నేర్పినవే: ప్రతి కార్యక్రమంలో 21 ఏళ్ళు నిండిన ఇద్దరు నమోదైన పెద్దలు ఉండాలి, పెద్దవారు ఒక పిల్లవాడితో ఏకాంతంగా ఉండరాదు, పిల్లల రక్షణ శిక్షణ పొందనివారు శిబిరంలో పని చేయరాదు. పని చేసే పిల్లలకు ఈ నియమాలు రెండు వైపులా పదునున్నవి. పద్దెనిమిదేళ్ళు నిండిన మరునాడే, నిన్నటిదాకా తోటి సిబ్బందిగా ఉన్న పదిహేడేళ్ళ స్నేహితురాలితో ఒకే గుడారంలో ఉండే వీలు పోతుంది. మా అమ్మాయి దీనికి విసుక్కుంది. నేను విసుక్కోలేదు.

ఇక ఫిల్మాంట్. ఓక్లహోమా చమురు వ్యాపారి వెయిట్ ఫిలిప్స్ 1938లో 35,857 ఎకరాలు, 1941లో మరింత భూమి, దాని నిర్వహణకు ఆదాయం వచ్చేలా టల్సా నగరంలోని ఒక బహుళ అంతస్తుల భవనం సంస్థకు దానమిచ్చారు. నేడు అది 1,40,000 ఎకరాలు దాటిన పర్వత ప్రాంతం. భూమి ఒక్కటే ఇస్తే దాన్ని నిలబెట్టడానికి ఏదో ఒకనాడు అందులోనే కొంత అమ్ముకోవలసి వస్తుందని ఊహించి భవనం కూడా ఇచ్చిన ఆ దాత పట్ల, ఒక పద్దుల మనిషిగా, నాకు ప్రత్యేకమైన గౌరవం ఉంది. డల్లాస్ నుంచి అమరిల్లో మీదుగా కారులో పది గంటల ప్రయాణం. మూల శిబిరమే సముద్రమట్టానికి ఆరున్నర వేల అడుగులకు పైన ఉంటుంది. ఎత్తైన బాల్డీ శిఖరం 12,441 అడుగులు. వేసవిలో వెయ్యి మందికి పైగా తాత్కాలిక సిబ్బంది ఇక్కడికి చేరతారు. ఎక్కువ పనులకు 18 ఏళ్ళు నిండి ఉండాలి. అంతకు ముందు స్కౌటుగా ఉన్న అనుభవం తప్పనిసరి కాదు గానీ సభ్యత్వం మాత్రం తీసుకోవాలి.

ఇక్కడి ఉద్యోగాల వైవిధ్యమే నన్ను మొదట ఆశ్చర్యపరిచింది. గుర్రాలను కాచేవాళ్ళు, గాడిదలపై సరుకు మోయించడం నేర్పేవాళ్ళు, కాలిబాటలు వేసే పరిరక్షణ బృందాలు, ఆహారం పొట్లాలు కట్టి కొండలపైకి పంపేవాళ్ళు, దారి ప్రణాళికలు గీసేవాళ్ళు, వైద్యశాల సహాయకులు, దుకాణం గుమాస్తాలు. కొండల లోపల సిబ్బంది ఉండే ముప్పైకి పైగా శిబిరాల్లో కొన్ని గత కాలాన్ని అభినయించేవి: సైఫర్స్ మైన్ వద్ద బంగారు గని కార్మికుల వేషంలో, రిచ్ క్యాబిన్స్ వద్ద పాతకాలపు వ్యవసాయ కుటుంబంగా, క్లియర్ క్రీక్ వద్ద తోళ్ళ కోసం వేటాడిన కొండమనుషులుగా వేసవంతా ఉంటూ, వచ్చే పిల్లలకు ఆ కాలపు పనులు చేసి చూపిస్తారు. మన వీధి భాగవతుల వాళ్ళు చూస్తే ఇది తమ వృత్తేనని గుర్తుపడతారు. తేడా ఏమిటంటే, ఇక్కడ నటుడు ఆట అయ్యాక పెరట్లో కట్టెలు కొట్టాలి, కోళ్ళకు మేత వేయాలి, మరుగుదొడ్డి శుభ్రం చేయాలి.

మా అమ్మాయి చేరింది రేంజరుగా. ఈ పని గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇంత బాధ్యతను పందొమ్మిదేళ్ళ పిల్లకు అప్పగించే ఉద్యోగం మరొకటి నేను చూడలేదు. ఏడు నుంచి పన్నెండు మంది ఉన్న బృందం బస్సు దిగుతుంది. అందులో పదమూడు, పద్నాలుగేళ్ళు మొదలుకుని ఆపై వయసు పిల్లలు, వాళ్ళ వెంట నలభై, యాభై ఏళ్ళ తండ్రులు. రేంజరు వాళ్ళను కలిసి, ఆరోగ్య పత్రాలు చూపించి, సామాను పంచి, ప్రతి ఒక్కరి మూట విప్పించి అక్కర్లేనివి తీయించేస్తుంది. మరునాడు వాళ్ళతో పాటు కొండెక్కి, నీటిని శుద్ధి చేయడం, పటం చూసి దిక్కు తేల్చడం, పొయ్యి వెలిగించడం, పళ్ళపొడి మొదలు ఎండ లేపనం దాకా వాసన వచ్చే ప్రతి వస్తువునూ ఎలుగుబంట్లకు అందకుండా గుడారాలకు దూరంగా ఉంచడం, జూలై మధ్యాహ్నాల్లో పిడుగుల వాన ముంచుకొస్తే శిఖరం దిగి ఎలా కూర్చోవాలో నేర్పుతుంది. నాలుగో రోజు ఉదయం ఆ బృందాన్ని వాళ్ళ నాయకుడి చేతిలో పెట్టి తాను వెనక్కి నడిచి వస్తుంది. ఆ నాయకుడు తండ్రుల్లో ఒకడు కాదు, పిల్లల్లో ఒకడు.

ఒకసారి వైద్య వృత్తిలో ఉన్న ఒక తండ్రి, తన మూటలోని మడత కుర్చీ తీయనని భీష్మించుకున్నాడట. మా అమ్మాయి వాదించలేదు. మరునాడు మొదటి చడావులో అతనే ఆగి, ఆ కుర్చీని ఎవరికిచ్చి వెనక్కి పంపవచ్చని అడిగాడు. ఆమె అప్పుడు కూడా ఏమీ అనకుండా, తానే దాన్ని రెండు రోజులు మోసి మూల శిబిరానికి తెచ్చి అప్పగించింది. నా కార్యాలయంలో పదేళ్ళ అనుభవం ఉన్న అధికారుల్లో కూడా ఈ సంయమనం నాకు తరచుగా కనిపించదు. ఆ వేసవి ఆమెకు ఏడు బృందాలు వచ్చాయి. ఒక్కొక్క బృందం మూడు రోజుల్లో తనను నమ్మాలి, నాలుగో రోజున తాను లేకుండా నడవగలగాలి. ఉద్యోగ ఇంటర్వ్యూల్లో ఆమెను అడిగిన ప్రశ్నల్లో సగం ఈ ఏడు బృందాల గురించేనని తరువాత తెలిసింది.

లోటు లేదా అంటే ఉంది. వసతి ఇద్దరికొక కాన్వాసు గుడారం. కొండల్లో ఉన్నన్నాళ్ళు ఫోను అందదు. మొదటి పదిరోజులు నేను నిద్ర పోలేదని ఒప్పుకుంటాను. అంతకన్నా ముఖ్యమైనది, ఇది వాతావరణం దయ మీద ఆధారపడిన కొలువు. 2018 వేసవిలో యూట్ పార్క్ కార్చిచ్చు అంటుకుని కొండల లోపలి యాత్రలన్నీ రద్దయ్యాయి. 2020లో కోవిడ్ వల్ల వేసవి యాత్రలు మళ్ళీ రద్దయ్యాయి. మూడేళ్ళలో రెండు వేసవులు పోయిన చోట, ఆ జీతంతో చదువు రుసుము కట్టాలనే ప్రణాళిక వేసుకోవడం వివేకం కాదు.

ఇక్కడ మన కుటుంబాల్లో ఎవరూ ముందుగా ఆలోచించని ఒక చిక్కు ఉంది. మా పక్కింటి అబ్బాయి విజయవాడలో పుట్టి నాలుగో ఏట ఇక్కడికి వచ్చాడు. స్కౌటుల్లో అత్యున్నతమైన ఈగిల్ హోదా సాధించాడు. శిబిరం వాళ్ళు తామే పిలిచి పని ఇస్తామన్నారు. కానీ తండ్రి హెచ్-1బి మీద, అబ్బాయి హెచ్-4 మీద ఉన్నారు. హెచ్-4 మీద ఉన్న పిల్లలకు జీతం తీసుకునే హక్కు లేదు. పని అనుమతి పత్రం ఆ వీసా ఉన్నవారిలో కొందరు జీవిత భాగస్వాములకు మాత్రమే దొరుకుతుంది. పోనీ జీతం లేకుండా చేస్తానంటే, ఇతరులకు జీతమిచ్చి చేయించే పనిని ఊరికే చేసినా అది ఉద్యోగంగానే లెక్కకు రావచ్చని న్యాయవాది హెచ్చరించారు. చివరికి మా అమ్మాయి తరగతిలో విద్యార్థిగా కూర్చోవడానికి రుసుము కట్టి వెళ్ళాడు ఆ అబ్బాయి, ఆమె కన్నా బాగా ముడులు వేయగలిగినవాడు. గ్రీన్‌కార్డు వరుసలో ఏళ్ళ తరబడి నిలబడిన ఎన్నో తెలుగు ఇళ్ళలో ఇదే పరిస్థితి కనుక, పిల్లలకు ఆశ పెట్టే ముందు వీసా కాగితం చూడండి. ఎమ్మెస్ చదవడానికి ఎఫ్-1 మీద వచ్చినవారికి కూడా, చదువుతో సంబంధం లేని ఇలాంటి వేసవి పనికి సాధారణంగా అనుమతి దొరకదు.

ఆంధ్ర, తెలంగాణల్లో ఉన్న యువతకు మాత్రం జె-1 వీసాలో శిబిర సలహాదారు అనే ప్రత్యేక తరగతి ఉంది. 18 ఏళ్ళు నిండిన విద్యార్థులు, ఉపాధ్యాయులు, యువజన సేవకులు, ప్రత్యేక నైపుణ్యం ఉన్నవారు నాలుగు నెలల దాకా పని చేయవచ్చు. తోటి అమెరికన్లకు ఇచ్చే జీతం, వసతులే ఇవ్వాలి. ఈ తరగతిలో వచ్చినవారి చేత వంట, గిన్నెలు కడగడం, కార్యాలయ గుమాస్తా పని చేయించకూడదు. నియమం బాగుంది. అయితే ప్రాయోజక సంస్థ రుసుము, వీసా ఖర్చు, విమానం టికెట్టు కలిపితే వేసవి జీతం దాదాపు హారతి కర్పూరమే. ప్రయాణానికి అయ్యే ఖర్చును శిబిరం తిరిగి చెల్లించినట్టుగా భావించి వెళ్ళేవాళ్ళకు ఇది తగును, ఇంటికి డబ్బు పంపాలనుకునేవాళ్ళకు తగదు. మన దేశంలో స్కౌటింగుకూ ఉద్యోగానికీ ఉన్న బంధం పూర్తిగా వేరు: రాష్ట్రపతి పురస్కారం వంటి ధ్రువపత్రాలు ఉన్నవారికి రైల్వేలో స్కౌట్స్ అండ్ గైడ్స్ కోటా ఉంది. అక్కడ స్కౌటింగు వేరొక ఉద్యోగానికి మెట్టు; ఇక్కడ అది తానే ఒక ఉద్యోగం కాగలదు.

కాగలదు అన్నానే గానీ, ఆ శాశ్వత ఉద్యోగం గురించే నా అసలు ఫిర్యాదు. శిబిరంలో మూడు నాలుగు వేసవులు గడిపిన పట్టభద్రులకు సంస్థ చూపించే మొదటి మెట్టు డిస్ట్రిక్ట్ ఎగ్జిక్యూటివ్. దేశమంతటా ఉన్న రెండు వందలకు పైగా స్థానిక మండళ్ళు ఈ ఉద్యోగులను నియమించుకుంటాయి. డిగ్రీ, 21 ఏళ్ళ వయసు ఉంటే దరఖాస్తు చేయవచ్చు. బతకడానికి సరిపడే జీతం, ఆరోగ్య బీమా ఉంటాయి. కానీ పని ఏమిటి? పాఠశాలలు, చర్చీల చుట్టూ తిరిగి కొత్త దళాలు పెట్టించడం, స్వచ్ఛంద సేవకులను వెతకడం, సభ్యుల సంఖ్య పెంచడం, ఏటా విరాళాల సేకరణ లక్ష్యం చేరడం, నిధుల కోసం పిల్లలు చేసే పాప్‌కార్న్ అమ్మకాలు నడిపించడం. సేవకులందరూ పగలు తమ తమ ఉద్యోగాల్లో ఉంటారు కనుక సమావేశాలన్నీ సాయంత్రాల్లో, శనివారాల్లో. మా అమ్మాయి మొదటి శిబిరంలో కార్యక్రమ నిర్వాహకుడిగా ఉన్న యువకుడు, రాత్రి నక్షత్రాలు చూపిస్తూ పిల్లల్ని మంత్రముగ్ధుల్ని చేయగలిగినవాడు, ఇంకొక మండలిలో ఈ ఉద్యోగంలో చేరి ఏడాదిన్నరకే మానేశాడు. ఆ పద్దెనిమిది నెలల్లో తాను గుడారంలో పడుకున్న రాత్రులు పదకొండు అని లెక్కపెట్టి చెప్పాడు.

చెడ్డ ఉద్యోగమని నేను అనను. అమ్మకం, నిధుల సేకరణ, మనుషుల్ని కూడగట్టడం గొప్ప నైపుణ్యాలే, వాటిలో రాణించేవాళ్ళు ఈ మార్గంలో మండలి అధిపతి దాకా వెళ్తారు. నా అభ్యంతరమల్లా, అడవిని ప్రేమించినందుకు బహుమతిగా కార్యాలయాన్ని ఇవ్వడం మీద, ఆ సంగతి ముందుగా తేటతెల్లంగా చెప్పకపోవడం మీద. ఈ సంస్థలో కొలువు ఎంత స్థిరపడితే చెట్లు అంత దూరమవుతాయి. పైగా ఆ స్థిరత్వం కూడా ఇప్పుడు మునుపటిలా లేదు. పరిహార నిధికి తమ వాటా చెల్లించడానికి కొన్ని మండళ్ళు శిబిర భూములే అమ్ముకున్నాయి. సంస్థ 2025 ఫిబ్రవరిలో స్కౌటింగ్ అమెరికా అని పేరు మార్చుకుంది. దాని జాతీయ కార్యాలయం మన తెలుగువాళ్ళు కిక్కిరిసి ఉండే, డల్లాస్ పక్కనున్న ఇర్వింగ్‌లోనే ఉంది. ఆ దారిలో రోజూ కిరాణాకు వెళ్ళే మనవాళ్ళలో ఎందరు దాన్ని గమనించారో నాకు అనుమానమే.

ఆరుబయటి జీవితాన్నే వృత్తిగా చేసుకోవాలనుకునే పిల్లలకు నా సలహా వేరు. స్కౌటుల్లోనే మిన్నెసోటాలోని ఈలీ వద్ద పడవ యాత్రలు నడిపే నార్దర్న్ టియర్, ఫ్లోరిడా దీవుల్లోని సీ బేస్, వెస్ట్ వర్జీనియాలోని సమ్మిట్ అనే, ఫిల్మాంట్ లాంటి మరో మూడు కేంద్రాలు ఉన్నాయి; నార్దర్న్ టియర్‌లో చలికాలపు మంచు శిబిరాలు కూడా జరుగుతాయి కనుక, రుతువు వెంట రుతువుగా తిరుగుతూ రెండు మూడేళ్ళు గడిపేవాళ్ళు ఉన్నారు. అంతకన్నా ఎక్కువ కాలం సాగాలంటే, బోధకుడి పనినే వృత్తిగా గౌరవించే సంస్థల వైపు చూడాలి: 1965లో వ్యోమింగ్‌లో మొదలైన నోల్స్, 1941లో వేల్స్‌లో పుట్టి ఇక్కడికి వచ్చిన ఔట్‌వర్డ్ బౌండ్ అలాంటివి. వాటికి వెళ్ళే ముందు దాదాపు 80 గంటల అరణ్య ప్రథమచికిత్స శిక్షణ పూర్తి చేసుకుంటే దరఖాస్తుకు బలం వస్తుంది. అక్కడ కూడా జీతం చూసి ఎవరూ ఈర్ష్యపడరు; కానీ పదేళ్ళ తరువాత కూడా పని అడవిలోనే ఉంటుంది.

మార్కులు వేయమంటే ఇలా వేస్తాను. స్థానిక శిబిరంలో మొదటి వేసవి: పిల్ల ఇష్టపడితే పంపవచ్చు, రెండో వేసవికి మాత్రం పత్రం చదివి, బేరమాడి పంపాలి. ఫిల్మాంట్ రేంజరు పని: అయిదుకు నాలుగున్నర, తగ్గిన అర జీతానిది. డిస్ట్రిక్ట్ ఎగ్జిక్యూటివ్: అమ్మకం వచ్చినవారికి మూడున్నర, అడవి కోసం వచ్చినవారికి ఒకటి.

ఫిల్మాంట్ దరఖాస్తులు శరత్కాలంలోనే పెట్టుకోవడం మేలు, కోరిన విభాగం దొరకాలంటే. మా అమ్మాయి ఈ ఏడు మళ్ళీ పెట్టింది, ఈసారి రేంజరుగా కాదు, కాలిబాటలు వేసే బృందానికి. మా అత్తగారు ఈ కబురు విని, "మట్టి తవ్వే పనా?" అని అడిగి, కాసేపాగి, "అయితే చేతులకు రాసుకోవడానికి నువ్వులనూనె పంపు" అన్నారు. రెండు సీసాలు కట్టి పెట్టాను. బూట్లకు కొత్త అట్టలు వేయించడం ఇంకా మిగిలి ఉంది.